మూలింటామె జ్ఞాపకశక్తి

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. నా నోట్లో పడితే చినుకు వాగవుతుంది, పిల్లి చిరుతపులి అవుతుంది. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే కూరలో ఉప్పెక్కువైందని నేనంటే ఎవరూ తల కూడా తిప్పరు. కాబట్టి కింద రాసినదాన్ని మీకు తోచినంత తగ్గించుకుని చదువుకోండి. పెంచి చెప్పినవి చాలా ఉంటాయి. పూర్తిగా కల్పించింది మాత్రం ఒక్కటే. అదేదో ఆఖర్న నేనే చెప్తాను.

తొంభైల మొదట్లో నేను తిరుపతిలో యూనివర్సిటీ హాస్టల్లో ఉండి తెలుగులో పరిశోధన చేస్తా ఉండేవాడిని. దంపుళ్ళ పాటలు నా విషయం. ఆ హాస్టల్లో మా వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే సృష్టినంతా ఒక చుట్టు చుట్టి వచ్చినట్టే. మొదటి గదిలో జువాలజీ ఆయన. పులికాట్ నుంచి చేపల్ని తెచ్చి, జాడీల్లో మందు పోసి, మంచం కింద వరసగా పెట్టుకున్నాడు. చేపలు కళ్ళు మూయవు. ఆ గదిలో పేకాటకు కూర్చుంటే అవన్నీ నా ముక్కల్నే చూస్తున్నట్టుండేది. నేను ఓడిపోయిన ఆటలన్నీ ఆ గదిలో ఆడినవే.

ఆ పక్క గదిలో ఫిజిక్స్ ఆయన. ఆయనకు భూమితో పని లేదు. మేఘాలకు పైన, ఇంకా పైన గాలి ఎట్లా కదులుతుందో రేడియో అలలు పంపి వింటా ఉంటాడు.

"ఏం వినిపిస్తాదప్పా ఆడ?" అని ఒకసారి అడిగినాను.

"ఏముండాది. మనం పంపిందే వెనక్కి వస్తాది. కాకపోతే కొంచెం మారి వస్తాది," అన్నాడు పళ్ళు తోముకుంటా.

ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం వీపు మీద ఎవరో చల్లటి చెయ్యి పెట్టినట్టయింది.

తర్వాతి గదిలో జియాలజీ ఆయన, ఆయన రాళ్ళు. ఆ గదిలో రాళ్ళకు మంచం, ఆయనకు చాప. ఎదురుగా స్టాటిస్టిక్స్ ఆయన. ఆయన దృష్టిలో మేమెవరమూ మనుషులం కాదు, శాంపిల్. చిట్టచివరి గది మాది. అందులో నేనూ, సైకాలజీ చేసే నా స్నేహితుడూ. తరతరాలుగా గుడి సేవలో ఉన్న వైష్ణవుల ఇంటి పిల్లవాడు. నుదుట నామం, మెడలో స్టాప్‌వాచి. అందరం 'సామీ' అని పిలిచేవాళ్ళం. "మీ వంశం కొండెక్కకముందే ఈ రాయి ఉండాది సామీ," అని జియాలజీ ఆయన రోజూ ఒక రాయి తెచ్చి చూపించి ఏడిపించేవాడు. సామి దానికి కూడా ఒక నమస్కారం పెట్టి పోయేవాడు.

సామి పరిశోధన జ్ఞాపకశక్తి మీద. బడి మొహం చూడని ఆడవాళ్ళకు ఒకసారి విన్న మాటలు ఏడాది తర్వాత ఎన్ని గుర్తుంటాయి అన్నది ప్రశ్న. పద్ధతి చాలా సులువు. ఒక పల్లెకు పోయి ఒక్కొక్కరికీ కొన్ని మామూలు మాటలు చదివి వినిపించాలి, వాళ్ళు తిరిగి చెప్పాలి. ఏడాది పోయినాక మళ్ళీ పోయి, ఈసారి ఏమీ చదవకుండా, గుర్తున్నవి చెప్పమనాలి. ఉండేది ఒకటే నియమం. పోయినేడు చెప్పిన మనిషే ఈ ఏడు కూడా చెప్పాలి. అది తప్పితే పరిశోధనే లేదు.

ఆ థీసిస్ మీద సామి బతుకు ఆధారపడి ఉండింది. చిత్తూరులో ఒక కాలేజీవాళ్ళు, పట్టా చేతికొస్తే జూన్లో వచ్చి చేరిపొమ్మని మాటిచ్చి ఉన్నారు. వేసవి దాటేలోగా థీసిస్ ఇవ్వకపోతే ఆ కుర్చీలో ఇంకొకాయన కూర్చుంటాడు. సామి అప్పటికే ఆ కాలేజీకి రెండుసార్లు పోయి, తను పాఠం చెప్పబోయే గదిని కిటికీలోంచి తొంగిచూసి వచ్చినాడు.

ఇక ఆ పల్లె గురించి చెప్పాలి. బంగారుపాళ్యంలో బస్సు దిగి మామిడితోటల మధ్య నడుచుకుంటా పోతే వస్తుంది. ఎప్పుడో ఒక పెద్ద ప్రొఫెసరు తన పరిశోధనకు అక్కడికి పోయినాడంట. బస్సు ఉంది, మనుషులు మంచోళ్ళు, అడగకుండానే మజ్జిగ ఇస్తారు. ఇంకేం కావాలి? ఆయన తన శిష్యుల్ని అక్కడికే పంపినాడు. ఆ శిష్యులు ప్రొఫెసర్లై వాళ్ళ శిష్యుల్ని పంపినారు. క్యాంటీన్లో ఆ మజ్జిగ మాట విని పక్క డిపార్టుమెంట్లవాళ్ళూ బయల్దేరినారు. ఎకనామిక్స్ వాళ్ళు పోయి మేకల్ని లెక్కపెట్టినారు. బాటనీ వాళ్ళు ఆకులడిగినారు. హోమ్ సైన్స్ వాళ్ళు సంగటి ముద్దల్ని కాటాలో పెట్టి తూచినారు. లింగ్విస్టిక్స్ వాళ్ళు, 'రా' అంటే ఎట్లా అంటారు, 'పో' అంటే ఎట్లా అంటారు అని టేపురికార్డరు మూతి దగ్గర పెట్టినారు. నేను పోయి పాటలు పాడమన్నాను. లోకంలో ఉన్న సమస్త జ్ఞానాన్నీ మా యూనివర్సిటీ పరిశోధిస్తోందని పేపర్లో వచ్చేది. నిజానికి మేమందరం కలిసి పరిశోధించింది ఆ ఒక్క పల్లెనే.

ఒక్కొక్క డిపార్టుమెంటు ఒక్కొక్క రంగుతో ఇళ్ళకు నెంబర్లు వేసి పోయింది. నీలం నెంబరు మీద ఎర్ర నెంబరు, దాని మీద నల్ల నెంబరు. భుజానికి సంచి తగిలించుకున్నవాళ్ళు ఊళ్ళోకి వస్తే అక్కడి కుక్కలు మొరగవు. లేచి పక్కకు జరిగి చోటిస్తాయి. జనానికి ప్రశ్నలన్నీ కంఠతా వచ్చు. నేను నోరు తెరవకముందే ఒకాయన, "పాటలే కదా నాయినా, మేకలు కాదు కదా? పాటలైతే ఆడోళ్ళ కాడికి పో," అని దారి చూపించినాడు.

ఆ ఊళ్ళో అందరూ ముందుగా పోయేది మూలింటికి. వీధి చివర పెంకుటిల్లు. అందులో ఒక అత్త, ఒక కోడలు. ఆ కోడల్ని ఊరంతా మూలింటామె అనేవాళ్ళు. ఏమడిగినా తడుముకోకుండా జవాబు చెప్తుంది, మధ్యలో 'పొయ్యి మీద పాలు పొంగుతా ఉండాయి' అని లేచిపోదు. పరిశోధకుడికి అంతకన్నా దేవత ఇంకెవరుంటారు?

సామి రెండో విడత పరీక్షకు ఒక్కడే పోయి వచ్చినాడు. వచ్చి చెప్పులు విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు. అంత శుభ్రం పాటించే మనిషి చెప్పులు విప్పలేదంటే ఏదో జరిగిందని అర్థం.

"ఏం సామీ, మూలింటామె లేదా ఊళ్ళో?"

"ఉండాది."

"అన్నీ మర్చిపోయిందా?"

"ఒక్క మాట మర్చిపోలా. వరస కూడా తప్పకుండా చెప్పింది."

"అయితే పట్టా వచ్చేసినట్టే. లే, కాఫీ తాగిపిచ్చు."

"ఆమె కాదప్పా."

"ఏంది?"

"పోయినేడు నేనడిగింది ఈమెను కాదు. ఆమె పొట్టి. చెంప మీద మచ్చ ఉండాది. ఈమె నాకంటే పొడుగు. మచ్చా లేదు, ఏమీ లేదు. మూలింటామె నువ్వేనా తల్లీ అంటే నేనే అనింది. అత్త పక్కనే కూసోని ఔనౌనంటా ఉండాది."

"పోనీలే సామీ. ఆ పొట్టామె ఈమెకు నేర్పించి ఉంటాది."

"నేర్పిస్తే నేను చదివిన మాటలు నేర్పించాల. పోయినేడు ఆమె నేను చదవని మాట ఒకటి మధ్యలో కలిపింది. 'నిచ్చెన' అనింది. నా మాటల్లో నిచ్చెన లేదు. అనేసి నవ్వింది. ఈ పొద్దు ఈమె కూడా సరిగ్గా ఆ చోటికే వచ్చి 'నిచ్చెన' అనింది. అనేసి అట్లే నవ్వింది."

ఫ్యాను టకటకమంటా తిరుగుతా ఉంది. "దయ్యమేమో సామీ," అన్నాను తమాషాకు.

"సైకాలజీలో దయ్యాలు లేవు," అన్నాడు సామి. అని, లేచి మొహం కడుక్కుని, ఆ సాయంకాలమప్పుడు నామం మళ్ళీ కొత్తగా దిద్దుకున్నాడు.

మర్నాడు క్యాంటీన్లో ఈ కథ నేను నా పద్ధతిలో చెప్పినాను. అంటే ఆ పొడుగామె తల దూలానికి తగిలేటంత పొడుగైంది. అందరూ నవ్వినారు. హోమ్ సైన్స్ చేసే ఒకామె మాత్రం నవ్వలేదు. మాకంటే నాలుగేళ్ళు పెద్దది, అక్కా అని పిలిచేవాళ్ళం. నోరు తెరిస్తే ఎదుటివాడు గ్లాసు వదిలేసి పోవాల్సిందే.

"పొట్టీ పొడుగూ ఏందబ్బా? ఆమె లావు మనిషి. సంగటి తూచినప్పుడు చెయ్యి చూసినా కదా. ఎడమచేతి వాటం," అనింది అక్క.

"నాకు మజ్జిగ కుడిచేత్తోనే ఇచ్చిందే. బక్కగా, గొంతు బొంగురుగా ఉండాది," అన్నాను నేను. ఈసారి నేను ఏమీ పెంచలేదు.

"కళ్ళద్దాలు పెట్టుకోని ఉండాది కదా?" అన్నాడు బాటనీ ఆయన పక్క బల్ల నుంచి.

నవ్వులు ఆగిపోయినాయి. అక్క నెమ్మదిగా అనింది: "ఇంకొకటి చెప్పాల. ఆ ఇంట్లో ముద్ద ఎప్పుడు తూచినా ఒకే బరువు. పోయిన వేసవిలో, ఈ వేసవిలో, వెంట్రుకంత తేడా లేదు. ఏ చేత్తో చేసినా ముద్దకు ముద్ద తేడా రావాల కదా? కాటా చెడిపోయిందని వేరేది తీసుకుపోయినా. దాంట్లోనూ అంతే."

"అందరి ఎత్తూ కలిపి సగటు తీసుకోండి, సరిపోతాది," అన్నాడు స్టాటిస్టిక్స్ ఆయన.

సామి మాత్రం టీ వైపే చూస్తా, "నాకు సగటు వద్దప్పా. ఒక్క మనిషి కావాల," అన్నాడు.

ఆ ఆదివారం ముగ్గురం బయల్దేరినాం. సామి, అక్క, నేను. బంగారుపాళ్యంలో దిగేసరికి ఎండ నెత్తిన ఉంది. రోడ్డు పక్క పల్ప్ ఫ్యాక్టరీ నుంచి మగ్గిన మామిడి వాసన. అది తోటల్లోకి పోయేకొద్దీ చిక్కబడింది కానీ తగ్గలేదు. గాలి లేదు. కాయలు కదలడం లేదు. కాకి అరవలేదు. వేలకు వేలు మామిడికాయలు తలలు వంచుకుని మమ్మల్నే చూస్తున్నట్టున్నాయి. జాడీల్లో చేపలకు రెప్పలే లేవు, వీటికైతే కళ్ళే లేవు. అయినా చూస్తున్నాయి.

ఊళ్ళోకి అడుగుపెడితే కుక్కలు లేచి పక్కకు జరిగినాయి. గుమ్మాల్లో ఆడవాళ్ళు. ఒకామె చేటలో రాగులు చెరుగుతా ఉంది, ఒకామె పేలు చూస్తా ఉంది, ఒకామె ఊరికే కూర్చునుంది. 'ఎవరు కావాల' అని ఒక్కరూ అడగలేదు.

మూలింటి తిన్నె మీద అత్త చింతపండులో గింజలు తీస్తా ఉంది. మేమింకా వీధి మధ్యలో ఉండగానే, తల ఎత్తకుండా, "రాండి నాయినా. కూసోండి. వస్తాది," అనింది.

లోపలంతా చీకటి. ఎండలోంచి చూస్తే ఆ గుమ్మం గోడకు నల్లరంగు పూసినట్టుంది. అందులోంచి ఒకామె వచ్చింది. చిన్నపిల్ల. కాళ్ళ పసుపు ఇంకా ఆరనట్టే ఉంది. పొట్టి కాదు, పొడుగు కాదు, లావు కాదు, కళ్ళద్దాలు లేవు. వచ్చి సామి ఎదురుగా, పరీక్షకు వచ్చినట్టు మఠం వేసుకుని కూర్చునింది.

"మూలింటామె..." అన్నాడు సామి.

"నేనే సామీ."

సామి స్టాప్‌వాచి నొక్కినాడు. "పోయినేడు నేను కొన్ని మాటలు చెప్పినా కదమ్మా. గుర్తున్నంత వరకు..."

ఆయన మాట పూర్తి కాలేదు. "చెంబు," అనింది ఆ పిల్ల. "చాప. ఎద్దు. ఉప్పు. కిటికీ..."

కిటికీ అనేటప్పుడు ఎదురింట్లోంచి ఇంకో గొంతు కలిసింది. 'గొడుగు' దగ్గర పక్కింట్లోంచి ఒకటి. ఎవరూ తలెత్తలేదు. చెరిగేది చెరుగుతా ఉంది, పేలు చూసేది చూస్తా ఉంది. పెదవులు మాత్రం కదులుతా ఉన్నాయి. గుళ్ళో గోవిందనామాలకు జనం గొంతు కలుపుతారే, అట్లా. ఆ చోటు రానే వచ్చింది. వీధి వీధంతా, మెల్లగా, ఒకే గొంతుతో అనింది:

"నిచ్చెన."

అని, అందరూ ఒకటే చిన్న నవ్వు నవ్వినారు.

అక్క నా చెయ్యి పట్టుకునింది. ఆ గోళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి, కావాలంటే చూపిస్తాను. కానీ మా ముగ్గురిలో ముందు నోరు పెగిలింది ఆమెకే.

"అవ్వా, ఈమె మీ కోడలు కాదు కదా? మీ కోడలు యాడ?"

ముసలామె చేతిలో చింతపండు పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది.

"అది పోయి శానా కాలమైంది తల్లీ. జొరమొచ్చింది, పోయింది. అది పోయిన కొత్తల్లో మీవోళ్ళెవురో వచ్చి ఇంట్లో ఎంతమంది అన్నారు. ఒగరిని తగ్గించి చెప్పాలంటే నోరు రాలా. ఉండాదనేసినా. పిలువు అన్నారు. ఏం చేసేది? పక్కింటామె లేచొచ్చి కూసునింది, అది చెప్పినట్టే చెప్పింది. అప్పట్నించి మీరొచ్చినప్పుడల్లా ఎవురో ఒకరు వచ్చి కూసుంటారు. ఆ పొద్దు ఏమడిగినారో, ఏం చెప్పిందో, సాయంత్రం బోరింగు కాడ నీళ్ళకు పోయినప్పుడు అందురికీ అప్పజెప్తాది. మళ్ళీ ఎవురు కూసుంటారో ఎవురికి తెలుసు? అందురికీ రావాల కదా."

"నిచ్చెన ఎందుకవ్వా?"

"అది నాకేం తెలుసు. మొదట కూసునిన్నామె అనిందంట. అందురూ అంటారు." కొంగుతో మొహం తుడుచుకునింది. "మీరొచ్చిన పొద్దు ఈ ఇంట్లో ఇద్దరముంటాం నాయినా. మీరు పోతే నేనొక్కదాన్నే."

మజ్జిగ తాగి వచ్చేసినాం.

సామి మర్నాడే గైడు దగ్గరికి పోయినాడు. నేను తోడు పోయి తలుపు బయట నిలబడినాను, కాబట్టి ఈ మాటలు నా చెవుల్తో విన్నవి.

"వరస తప్పకుండా చెప్పిందా? ఏడాది తర్వాతా? ఇంతకంటే ఏం కావాలయ్యా నీకు? రాసెయ్!"

"ఆ ఇల్లు లెక్కలోంచి తీసేస్తాను సార్."

"ఆ ఇల్లు తీసేస్తే పక్కింటి మీద ఏం నమ్మకం? ఎదురింటి మీద?"

"ఊరే తీసేస్తాను సార్."

గైడు కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది.

జూన్ వచ్చింది. చిత్తూరు కాలేజీలో సామి తొంగిచూసి వచ్చిన గదిలో ఇంకొకాయన పాఠం మొదలుపెట్టినాడు. సామి పులికాట్ ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరొకటి వెతుక్కుని, మాటలన్నీ మార్చి, మొదటి నుంచి మొదలుపెట్టినాడు. పట్టా చేతికొచ్చేసరికి మాలో సగం మందికి బట్టతల వచ్చింది. ఎక్కడో దూరాన ఉద్యోగం దొరికింది. ఎందుకు సామీ అంత పంతం అని ఎవరైనా అడిగితే, ఆ ముసలామె దుఃఖాన్ని తెచ్చి మార్కులుగా వేయడానికి చెయ్యి రాలేదని నేనే ఆయన తరఫున చెప్పేవాడిని. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

ఇప్పుడు చెప్తాను ఏది కల్పించినానో.

జాడీల్లో చేపలు నిజం. సంగటి ముద్దల బరువు నిజం, అక్కే సాక్షి. వీధంతా నిచ్చెన అనడం కూడా నిజమే. దాన్ని పెంచలేదు, మీరు నమ్మరేమోనని గొంతులు కొన్ని తగ్గించి రాసినాను. కల్పించింది ఆ అవ్వ చెప్పిన కథ. ఆ జ్వరం, ఆ చావు, బోరింగు కాడ అప్పజెప్పడం, 'నేనొక్కదాన్నే' అనడం, అంతా బంగారుపాళ్యం నుంచి తిరుపతికి వచ్చేలోగా బస్సులో కూర్చుని నేనల్లింది. ఏదో ఒక కారణం చేతిలో లేకుండా హాస్టల్ మెట్లెక్కే ధైర్యం నాకు లేకపోయింది. అక్క నా కథ విని, "అంతే అయ్యుంటాదిలే," అనింది. సామి కిటికీలోంచి బయటికి చూస్తా ఉన్నాడు.

నిజంగా జరిగింది ఇది. మీ కోడలు యాడ అని అక్క అడిగినప్పుడు ముసలామె తలెత్తి అక్కను చూడలేదు, సామిని చూసింది. కోపం లేదు, వెటకారం లేదు.

"పోయినేడు వచ్చినాయన నువ్వు కాదు కదా నాయినా," అనింది. "ఆయన నల్లగా, లావుగా ఉండె. మొన్న వచ్చినాయనకు గడ్డం. ఒగే సంచి, ఒగే గడియారం, ఒగే మాటలు. నేనే నేనే అంటారు. మేం ఎవురన్నా అడిగినామా?"

గుమ్మాల్లో ఆడవాళ్ళు ఔనన్నట్టు తలలూపినారు. ఆమె మళ్ళీ చింతపండు చేతిలోకి తీసుకునింది.

థీసిస్ మొదట్లో ఒక సంతకం పెట్టాలి, ఈ పరిశోధనంతా నేనే స్వయంగా చేసినాను అని. సామి ఆగిపోయింది ఆ సంతకం దగ్గర.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, స్టాప్‌వాచిని ఒళ్ళో పెట్టుకుని, చాలా దూరం వచ్చినాక నన్ను అడిగినాడు. "పోయినేడు వచ్చింది నేనే కదప్పా?"

నేనెట్లా చెప్పేది? ఆ పొద్దు నేను తోడు పోలేదు.